లక్ష రూపాయల మూలధనం – కోటి మంది నమ్మకం
(డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారి జీవితం)

ప్రతి సంవత్సరం మన వసతిగృహ వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితాన్ని స్మరించుకోవడం ఆనవాయితీ. ఈసారి మేము ఒక బ్యాంకు స్థాపకుని గురించి రాస్తామంటే కొందరు మిత్రులు నవ్వారు. బ్యాంకు డబ్బున్నవాళ్ల సంగతి కదా, మనకెందుకని అడిగారు. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

మనలో చాలామంది ఇళ్లలో అప్పు అనే మాట తెలియని రోజు లేదు. నాట్లప్పుడు, జబ్బు చేసినప్పుడు, అక్క పెళ్లికి షావుకారు గుమ్మం ఎక్కినవాళ్లే మన తల్లిదండ్రులు. నూటికి మూడు, ఐదు రూపాయల వడ్డీ కట్టలేక విజయవాడకో, హైదరాబాదుకో, చెన్నైకో కూలికి వెళ్లిన కుటుంబాలు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఎన్నో. ఆ వడ్డీ బాధే ఒక వైద్యుణ్ణి బ్యాంకు వైపు నడిపించిన కథ ఇది.

పట్టాభి గారు 1880 నవంబరు 24న నేటి ఏలూరు జిల్లాలోని గుండుగొలను గ్రామంలో జన్మించారు. తండ్రి గ్రామ కరణం. ఆదాయం చాలా తక్కువ. పట్టాభి గారి పసితనంలోనే తండ్రి మరణించారు. ఇంటి కష్టాల మధ్యనే చదువు సాగించి, మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో బి.ఎ., తరువాత మద్రాసులోనే వైద్య విద్య పూర్తిచేసి మచిలీపట్నంలో ప్రాక్టీసు పెట్టారు. మంచి పేరు, మంచి రాబడి వచ్చాయి. అయినా 1916 ప్రాంతంలో ఆ వృత్తిని వదిలి దేశసేవలోకి వచ్చేశారు.

ఆయన దృష్టిలో స్వాతంత్ర్యం అంటే జెండా మాత్రమే కాదు. చదువు, పత్రిక, డబ్బు మన చేతిలో ఉండాలి. అందుకే మిత్రులు కోపల్లె హనుమంతరావు గారు, ముట్నూరి కృష్ణారావు గారితో కలిసి మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. 1919లో ‘జన్మభూమి’ అనే ఇంగ్లీషు వారపత్రిక ప్రారంభించి చాలా ఏళ్లు నడిపారు.

డబ్బు విషయంలో ఆనాటి పరిస్థితి మనం తెలుసుకోవాలి. పెద్ద బ్యాంకులు దొరల వ్యాపారం కోసం పట్టణాల్లో ఉండేవి. 1906లో మద్రాసులో అర్బత్‌నాట్ అనే ఇంగ్లీషు కంపెనీ దివాళా తీయడంతో దాచుకున్న సొమ్ము పోయి ఎందరో వీధిన పడ్డారు. పల్లె రైతుకు షావుకారు తప్ప దిక్కులేదు. ఈ స్థితిలో పట్టాభి గారు ముందుగా సహకార ఉద్యమాన్ని నమ్ముకున్నారు. 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు ఏర్పాటుకు కృషి చేశారు. తరువాత 1923 నవంబరు 20న ఆంధ్రా బ్యాంకు రిజిస్టరు అయింది. నవంబరు 28న మచిలీపట్నంలో పని ప్రారంభించింది. అధీకృత మూలధనం 10 లక్షలు, చెల్లించిన మూలధనం కేవలం 1 లక్ష రూపాయలు.

అంతటితో ఆగలేదు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ, 1929లో భారతలక్ష్మీ బ్యాంకు, 1935లో హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు కంపెనీ – ఇలా ఒకదాని వెంట ఒకటి స్థాపించారు. తన సంస్థల వ్యవహారాలు తెలుగులోనే జరగాలని పట్టుబట్టారు. బ్యాంకు కాగితం చూసి భయపడే మన అమ్మానాన్నలను తలచుకుంటే ఆ పట్టుదల విలువ మనకు అర్థమవుతుంది. తనకు తెలియని భాషలో వేలిముద్ర వేసేవాడు ఎప్పుడూ మోసపోయే ప్రమాదంలోనే ఉంటాడు.

బ్యాంకు పెట్టిన మనిషి జైలుకు కూడా వెళ్లారు. ఉప్పు సత్యాగ్రహంలో శిక్ష అనుభవించారు. 1942లో క్విట్ ఇండియా తీర్మానం తరువాత నెహ్రూ, పటేల్, ఆజాద్‌లతో పాటు అహ్మద్‌నగర్ కోటలో సుమారు మూడేళ్లు బందీగా ఉన్నారు. కాంగ్రెసు స్వర్ణోత్సవాల సందర్భంగా 1935లో ఆ సంస్థ చరిత్రను గ్రంథంగా రాశారు.

ఓటమి కూడా ఆయనకు తెలుసు. 1939లో త్రిపురి కాంగ్రెసు అధ్యక్ష ఎన్నికలో సుభాష్ చంద్రబోస్ చేతిలో 1580 – 1377 ఓట్ల తేడాతో ఓడిపోయారు. గాంధీజీ ఆ ఓటమిని తన ఓటమిగానే భావించారు. పట్టాభి గారు మాత్రం పని మానలేదు. 1948లో జైపూర్ కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు. పరీక్ష తప్పగానే ట్రంకు పెట్టె సర్దుకుని ఇంటికి పోయే తమ్ముళ్లు ఈ తొమ్మిదేళ్ల నిరీక్షణను గుర్తుపెట్టుకోవాలి.

ఆయన నిర్ణయాలన్నీ అందరికీ నచ్చలేదు. ఆంధ్ర రాష్ట్రం కోసం ఎంతో కాలంగా వాదించిన ఆయనే, నెహ్రూ, పటేల్‌లతో కలిసి జె.వి.పి. కమిటీ సభ్యునిగా 1949 నివేదికపై సంతకం చేశారు. మద్రాసు నగరంపై ఆశ వదులుకుంటేనే రాష్ట్రం అన్న ఆ నివేదిక మీద ఆంధ్రులు చాలామంది ఆగ్రహించారు. తరువాత 1952 నుండి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేసి, 1959 డిసెంబరు 17న కన్నుమూశారు.

ఇక్కడ మేము ఒక నిజం దాచకుండా చెప్పుకోవాలి. ఆ రోజుల్లో ఏ బ్యాంకైనా భూమినో, బంగారాన్నో చూసి అప్పిచ్చేది. సెంటు భూమి లేని మన తాతలకు ఆ తలుపు తెరుచుకోలేదు. అది తెరుచుకోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1972లో నిరుపేదలకు 4 శాతం వడ్డీ పథకం వచ్చింది. 1980 ఏప్రిల్ 15న ఆంధ్రా బ్యాంకు జాతీయమయింది. శ్రీకాకుళం జిల్లాకు అదే లీడ్ బ్యాంకుగా పనిచేసింది. 2000లో వెలుగు పథకం మన రెండు జిల్లాల్లోనూ మొదలై, మన అమ్మలు పొదుపు సంఘాలుగా కూడి బ్యాంకు మెట్లెక్కారు. భూమి లేని అమ్మకు పక్కింటి అమ్మ మాటే హామీ అయింది. ఒకరికొకరు పూచీపడే ఈ పద్ధతి సహకార ఉద్యమం నాటి ఆలోచనే కదా!

2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది. బోర్డు మారింది. కానీ మా అన్నలు దాచుకున్న పాత పాసు పుస్తకాల మీద ఆ పేరు ఇంకా ఉంది. కాస్మెటిక్ ఛార్జీలు, స్కాలర్‌షిప్ కోసం మొదటిసారి ఖాతా తెరిచిన రోజు, మా పేరు అచ్చులో చూసుకుని మేమెంత మురిసిపోయామో మాకే తెలుసు. మా ఇళ్లలో చాలామందికి అదే మొదటి ఖాతా.

సోదర విద్యార్థులారా! తండ్రి లేని ఒక పేద పిల్లవాడు చదువుకుని, తన కాళ్ల మీద తాను నిలబడి, తరువాత పదిమంది నిలబడే చోటు కట్టాడు. ఆయన తెరిచిన తలుపులోంచి మనం కొంచెం ఆలస్యంగా లోపలికి వచ్చాం. రేపు మనలో ఒకరు బ్యాంకు కౌంటరు వెనుక కూర్చుంటారు. ఆ రోజు వేలిముద్ర వేయడానికి వచ్చిన ముసలమ్మను కసరకుండా, కూర్చోబెట్టి, కాగితంలో ఏముందో తెలుగులో చదివి చెబితే, పట్టాభి గారికి మనం చేసే నివాళి అదే.