'స్టూడెంట్' పేరుతో వెలిగిన ఉద్యోగి – విలియం గాసెట్

గణాంక శాస్త్రం చదివిన మన పిల్లలకూ, మనుమలకూ 'స్టూడెంట్ టి పరీక్ష' తెలిసే ఉంటుంది. ఆ స్టూడెంట్ ప్రొఫెసరు కారు. జీవితాంతం ఒకే కంపెనీలో పనిచేసిన ఉద్యోగి. అసలు పేరు విలియం సీలీ గాసెట్.

వీరు 1876 జూన్ 13న ఇంగ్లండులోని కాంటర్‌బరీలో జన్మించారు. ఆక్స్‌ఫర్డులో గణితం, రసాయన శాస్త్రం చదివి, 1899లో డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కంపెనీలో చేరారు. అక్కడి పరీక్షలలో చేతికందే నమూనాలు బహు కొద్ది. ఆనాటి లెక్కలేమో పెద్ద నమూనాలకే పనికివచ్చేవి. లండనులో కార్ల్ పియర్సన్ వద్ద కృషి చేసి, 1908లో చిన్న నమూనాల సూత్రాన్ని ప్రకటించారు. సొంత పేరు వాడడానికి కంపెనీ ఒప్పుకోనందున 'స్టూడెంట్' అని పెట్టుకున్నారు.

ఆ వ్యాసంలో 10 మంది రోగులకు రెండు నిద్రమందులిచ్చిన ఉదాహరణ ఉంది. ఎవరి నిద్రను వారి నిద్రతోనే పోల్చారు. 9 మందికి ఒక మందు రెండోదానికంటె ఎక్కువ నిద్ర పట్టించింది. మనిషికీ మనిషికీ ఉండే తేడా లెక్కలోంచి తొలగింది గనుక అంత కొద్దిమందీ సరిపోయారు.

1930లో స్కాట్లండులోని లానార్క్‌షైరులో 20,000 మంది బడిపిల్లలతో పాల పరీక్ష జరిగింది. సగం మందికి నాలుగు నెలలు రోజూ పాలు పోశారు. చిక్కిన పేదపిల్లలను చూసి జాలిపడి కాబోలు, ఉపాధ్యాయులు పాలజట్టులోకి అటువంటివారినే ఎక్కువగా చేర్చినట్టుందని, అందుచేత పోలిక చెడిందని గాసెట్ 1931లో వివరించారు. 50 జతల ఒకే పోలిక కవలలు ఉంటే ఇంతకంటె నమ్మకమైన ఫలితం, అతి తక్కువ ఖర్చుతో వచ్చేదన్నారు.

ఎంతమంది కావాలో ముందే లెక్కకట్టే పద్ధతికి మూలమైన ఆలోచనను 1926లో ఎగాన్ పియర్సన్‌కు రాసిన ఉత్తరంలో వీరే అందించారు. పియర్సన్, నేమన్ దానిని పెంచి, 1933లో పరీక్షకుండే 'శక్తి'ని నిర్వచించారు. ఉన్న తేడాను పరీక్ష పట్టుకోగల అవకాశమే ఈ శక్తి. ఉదాహరణకు, ఒక మధ్యరకం తేడాను 80 శాతం శక్తితో, 5 శాతం పొరపాటు హద్దుతో పట్టాలంటే, రెండు వేర్వేరు జట్లుగా 128 మంది కావాలి. ఒక్కొక్కరినే రెండుసార్లు కొలిస్తే, ఆ కొలతల మధ్య పొందిక 0.5 ఉంటే, 34 మంది చాలు. మనం వాడే బి.పి., షుగరు మందుల పరీక్షలకు రోగుల సంఖ్యను నిర్ణయించేది ఇటువంటి లెక్కే. సంఖ్య చాలకపోతే మంచి మందు కూడా పనికిరానిదిగా తేలవచ్చు. అవసరానికి మించితే ఎందరినో ఊరికే కష్టపెట్టినట్టవుతుంది.

గాసెట్ 1935లో కంపెనీవారి లండను శాఖకు మారి, 1937 అక్టోబరు 16న, 61వ ఏట, ఉద్యోగంలో ఉండగానే కన్నుమూశారు. పింఛను అందుకునే రోజు వారికి రాలేదు. పేరు దాచుకుని చేసిన పని మాత్రం ఈనాటికీ ప్రతి ఆసుపత్రి పరిశోధనలోనూ అక్కరకు వస్తున్నది.