కావలూరు కొండమీద నక్షత్రములను చూచినవారు



వెన్నెల లేని వేసవి రాత్రి, నడిజాము దాటిన తరువాత ఆకాశమున తెల్లని బాట యొకటి కనబడును. పెద్దలు దానిని పాలపుంత యనిరి. అది కంటికి విడివిడిగా కనబడనంత దూరమున నున్న నక్షత్రముల గుంపు. మన సూర్యుడును అందులో ఒకడే. ఆ గుంపులో పదివేల కోట్లకు తక్కువ గాని నక్షత్రములున్నవని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. వాటిని ఎరుగుటకై జీవితమును ధారపోసిన వైను బప్పుగారి చరిత్ర మనము తెలిసికొనదగినది.

బప్పుగారు 1927 ఆగష్టు 10వ తేదీన మద్రాసులో జన్మించిరి. తండ్రి హైదరాబాదులోని నిజామియా నక్షత్రశాలలో ఉద్యోగి. గనుక దుర్భిణి మాటలు వినుచు పెరిగి, నిజాం కళాశాలలో చదివిరి. హైదరాబాదు ప్రభుత్వపు సహాయముతో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు వెళ్లి, 1949లో అక్కడ తీసిన ఫొటో పలకమీద క్రొత్త తోకచుక్కను కనుగొనిరి.

చెరువు అవతలి గట్టున దీపము మినుకుమినుకుమనుచున్న, అది దగ్గరి చిన్న దీపమో దూరపు పెద్ద దీపమో మనకు తెలియదు. నక్షత్రములతోను ఇదే చిక్కు. నక్షత్రపు వెలుగును రంగులుగా విడదీసిన, వాటి నడుమ నల్లని గీతలు కనబడును. సూర్యునివంటివియు, అంతకంటె వేడి తక్కువైనవియునగు నక్షత్రములలో, కాల్షియము వలన కలుగు గీత నడుమ సన్నని వెలుగుచార యుండును. ఆ చార ఎంత వెడల్పో ఆ నక్షత్రపు అసలు కాంతి అంత గొప్పదని బప్పుగారును, విల్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడును 1957లో ప్రకటించిరి. అసలు కాంతి తెలిసిన, దూరము లెక్కకట్టవచ్చును. ఈ నియమము నేటికిని వారిద్దరి పేరుననే యున్నది.

అమెరికాలో చదువు ముగించి బప్పుగారు స్వదేశమునకు తిరిగి వచ్చిరి. 1960లో కొడైకెనాలు నక్షత్రశాలకు అధిపతియైరి. మంచి చోటు వెదకి, తమిళనాడులోని జవ్వాది కొండలలో కావలూరును ఏర్పరచుకొనిరి. అది మన పలమనేరునకు దక్షిణముగా, నేరుగా లెక్కించిన సుమారు 70 కిలోమీటర్లు. పాలపుంత నడిబొడ్డు దక్షిణాకాశమున నున్నది గనుక అచ్చటినుండి చక్కగా కనబడును. 1968లో 38 సెంటీమీటర్ల చిన్న దుర్భిణితో అక్కడ పని ఆరంభమాయెను. 1972లో ఒక మీటరు దుర్భిణి వచ్చెను. 1979లో ప్రపంచ ఖగోళ శాస్త్రజ్ఞుల సంఘము ఆయనను అధ్యక్షునిగా ఎన్నుకొనెను.

అయినను ఆయన కోరిక మరియొకటి. 2.34 మీటర్ల గొప్ప దుర్భిణిని మన దేశపు చేతులే చేయవలెనని పూనుకొనిరి. అద్దమును అరగదీయు పని యేండ్ల తరబడి సాగెను. అది ముగియకమునుపే, 1982 ఆగష్టు 19వ తేదీన, జర్మనీలోని మ్యూనిక్ నగరమున, 55 యేండ్ల ప్రాయమున ఆయన కన్నుమూసిరి. నెబో కొండమీద మోషే దేశమును దూరమునుండియే చూచెను. బప్పుగారికి ఆ దుర్భిణిలో ఒక్క నక్షత్రమునైనను చూచు భాగ్యము కలుగలేదు.

వెనుకటివారు పని విడువలేదు. 1986 జనవరిలో ఆ దుర్భిణి ప్రారంభింపబడెను. దానికి ఆయన పేరే పెట్టిరి.

చింతమొక్క నాటు ముసలివాడు దాని కాయ తాను తినుదునని నాటడు. మన ఊళ్లలో బడియైనను బావియైనను, మన కాలములో ముగియదని మొదలుపెట్టక మానుట తగదు. చిన్నదానితో ఆరంభించి, చేతిలోనున్నంత పని చక్కగా చేసి, మిగిలినది రాబోవువారికి అప్పగింతము.