ఊరు లేనివాళ్లకు చిరునామా అయ్యాడు

'బిల్‌బోర్డ్' స్థాపకుడు విలియం డొనాల్డ్‌సన్ కథ

బీటీఎస్ పాట 'హాట్ 100'లో నంబర్ వన్ అయిందని చదివినప్పుడు 'బిల్‌బోర్డ్' పేరు మీ కంటపడే ఉంటుంది. పాటల ర్యాంకులిచ్చే పత్రికకు హోర్డింగ్ పేరు ఎందుకు పెట్టారో ఎప్పుడైనా ఆలోచించారా? అసలు అది పుట్టింది పాటల కోసం కాదు, గోడల మీద పోస్టర్లు అంటించేవాళ్ల కోసం. దాన్ని మొదలుపెట్టిన మనిషి విలియం హెచ్. డొనాల్డ్‌సన్. ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఆయన జీవితంలో పనికొచ్చే సంగతి ఒకటుంది.

పోస్టర్ల ఇంట్లో పుట్టి...

డొనాల్డ్‌సన్ 1864లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో పుట్టారు. తండ్రిది పోస్టర్లు అచ్చువేసే వ్యాపారం. ఆయనా అందులోనే పని నేర్చుకున్నారు. అప్పటికి రేడియో లేదు, టీవీ లేదు. సర్కస్ వచ్చినా, నాటకం పడినా, కొత్త సరుకు అమ్మాలన్నా గోడ మీద పోస్టర్ పడాల్సిందే. ఊరూరా తిరిగి వాటిని అంటించేవాళ్లను మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. డొనాల్డ్‌సన్‌కు వాళ్లలోనే పాఠకులు కనిపించారు.

1894 నవంబరు 1న సిన్సినాటి నగరంలో జేమ్స్ హెన్నెగన్‌తో కలిసి 'బిల్‌బోర్డ్ అడ్వర్టైజింగ్' అనే పత్రిక తెచ్చారు. నెలకోసారి వచ్చేది, ఎనిమిదే పేజీలు. రాతలు, ప్రకటనలు డొనాల్డ్‌సన్ చూసుకుంటే, అచ్చు పని హెన్నెగన్ చూసుకునేవారు. మూడేళ్లకు పేరు 'ది బిల్‌బోర్డ్' అయింది.

500 డాలర్ల పందెం

పత్రిక ఎలా ఉండాలన్న దగ్గర ఇద్దరికీ కుదరలేదు. డొనాల్డ్‌సన్ బయటికొచ్చేశారు. 1900 నాటికి పత్రిక దివాలా అంచుకు చేరింది. మీరైతే ఏం చేసేవారు? ఆయన వెనక్కి వెళ్లి, హెన్నెగన్ వాటాను 500 డాలర్లకు కొనేశారు. ఆ మే నెలలోనే దాన్ని వారపత్రికగా మార్చి, తాజా వార్తలకు చోటు పెంచారు.

పోస్టర్లు ఎక్కువగా వేయించేది ఎవరు? సర్కస్‌లు, జాతరలు, నాటక కంపెనీలు. అందుకని పత్రికను అటువైపు తిప్పారు. న్యూయార్క్, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో, లండన్, ప్యారిస్‌లలో ఆఫీసులు తెరిచారు.

ఉత్తరాల పెట్టె

అసలు మలుపు 1904లో వచ్చింది. సర్కస్ కళాకారులు ఇవాళ ఒక ఊళ్లో ఉంటే వచ్చే వారం ఇంకో ఊళ్లో ఉంటారు. ఇంటి నుంచి ఉత్తరం రాయాలంటే ఏ అడ్రసుకు రాయాలి? దీనికి డొనాల్డ్‌సన్ దారి చూపించారు. ఉత్తరాలన్నీ బిల్‌బోర్డ్ ఆఫీసుకే రాయమన్నారు. ఎవరికి ఉత్తరాలొచ్చాయో వాళ్ల పేర్లు పత్రికలో అచ్చయ్యేవి. పేరు చూసుకున్న మనిషి తానెక్కడున్నాడో కబురు పెడితే ఉత్తరం అక్కడికి వెళ్లేది. ఏ బృందం ఏ ఊళ్లో ఉంటుందో ముందుగా చెప్పే శీర్షిక కూడా నడిచేది.

1914కల్లా ఈ సేవను 42,000 మంది వాడుకుంటున్నారు. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంలో చేరమనే పిలుపు ఉత్తరాలు కూడా ఆ అడ్రసుకే వచ్చేవి. ఇది 1960ల దాకా సాగింది. కాబట్టి కళాకారులకు బిల్‌బోర్డ్ చదివి పక్కన పడేసే కాగితం కాదు, వారం వారం చూడక తప్పని అవసరం.

1920లో డొనాల్డ్‌సన్ ఇంకో సాహసం చేశారు. వర్ణవివక్ష గట్టిగా ఉన్న ఆ రోజుల్లో జేమ్స్ ఆల్బర్ట్ జాక్సన్ అనే నల్లజాతి పాత్రికేయుణ్ని తీసుకుని, నల్లజాతి కళాకారుల కోసం వారం వారం ఒక శీర్షిక అప్పగించారు. అది నచ్చనివాళ్లు చాలామందే ఉన్నారు. అయినా చేశారు.

ఆయన చూడని పేజీ

డొనాల్డ్‌సన్ 1925లో కన్నుమూశారు. ఇవాళ మనకు తెలిసిన పాటల ర్యాంకులు ఆయన చూడనే లేదు. నాణెం వేస్తే పాట వినిపించే జూక్‌బాక్స్‌లు 1930లలో పెరిగాక పత్రిక సంగీతం వైపు మళ్లింది. 1940 జులైలో దుకాణాల్లో ఎక్కువగా అమ్ముడైన రికార్డుల జాబితా మొదలైంది. రికార్డుల షాపు నడిపేవాడికి అది సరదా కాదు. తప్పు రికార్డులు తెప్పించుకుంటే పెట్టుబడి అలమరలోనే ఇరుక్కుపోతుంది. పక్క ఊళ్లో ఏది అమ్ముడవుతోందో తెలిస్తే ధైర్యంగా ఆర్డర్ పెడతాడు. ఎవరికి ఏ సమాచారం లేక పని ఆగిపోతోందో చూడటం డొనాల్డ్‌సన్ పోస్టర్లవాళ్లతో మొదలుపెట్టిన పద్ధతే. 1961లో సర్కస్, జాతరల వార్తలు వేరే పత్రికకు వెళ్లిపోయాయి. బిల్‌బోర్డ్ పూర్తిగా సంగీత వ్యాపారానిదైంది.

మీరేం చేయొచ్చు?

మందుల తయారీ, ప్యాకేజింగ్, నిర్మాణం, గేమింగ్... మీరు వెళ్లాలనుకునే రంగానికీ ఇలాంటి వ్యాపార పత్రికో, న్యూస్‌లెటరో ఉండే ఉంటుంది. జాబ్ పోర్టల్‌లో ఖాళీలే కనిపిస్తాయి. ఆ ఖాళీ ఎందుకొచ్చింది, ఎవరు కొత్త ప్లాంటు పెడుతున్నారు, ఏ సమస్య దగ్గర అందరూ ఇరుక్కున్నారు అన్నవి ఈ పత్రికల్లో దొరుకుతాయి. ఇంటర్వ్యూకు వెళ్లే ముందు కనీసం మూడు సంచికలు చదవండి. ప్రకటనలు కూడా వదలొద్దు. ఎవరు ఎవరికి ఏం అమ్ముతున్నారో అక్కడే తెలుస్తుంది.

అలవాటు కావాలంటే గూగుల్ బుక్స్‌లో 1940ల నాటి బిల్‌బోర్డ్ సంచిక ఒకటి ఉచితంగా తెరవండి. పాటల జాబితాతో పాటు ఉత్తరాలొచ్చినవాళ్ల పేర్లు ఎక్కడున్నాయో కూడా వెతికి చూడండి.