కృష్ణదేవరాయలనే చదరంగంలో ఓడించిన తెలుగు కవి.. ఆయన బలం ఏంటో తెలుసా?

రామగుండం: సింగరేణి కోల్‌బెల్ట్‌లో షిఫ్ట్ దిగి ఇంటికొచ్చాక ఫోన్‌లో చెస్ ఆడేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. గెలవాల్సిన ఆటను ఒక్క తప్పుడు ఎత్తుతో పోగొట్టుకుని తల పట్టుకునేవాళ్లూ వాళ్లలోనే ఉంటారు. అలాంటివాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన పేరు ఒకటుంది. ఆయనే బొడ్డుచర్ల తిమ్మన.

ఇది దాదాపు 500 ఏళ్ల కిందటి మాట. 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయల కాలంలో తిమ్మన కవిగా ఉన్నారు. పారిజాతాపహరణం రాసిన నంది తిమ్మన వేరు, ఈయన వేరు. అష్టదిగ్గజాల జాబితాలో ఈయన పేరు కనిపించదు. అయినా జనం గుర్తు పెట్టుకున్నారు. ఎందుకంటే.. చదరంగం!

తిమ్మన ఎప్పుడూ రాయలతో చదరంగం ఆడి గెలిచేవారని, వందల మంది ఒక్కటై వచ్చినా ఆయన్ని ఆపలేకపోయేవారని ఒక చాటు పద్యం చెబుతుంది. ఒక్కసారి ఊహించుకోండి. ఎదురుగా ఉన్నది మామూలు మనిషి కాదు, చక్రవర్తి. ఓడిస్తే కోపమొస్తుందేమో అన్న భయం ఎవరికైనా ఉంటుంది. చేయి వణకడానికి అది చాలు.

కానీ తిమ్మన తడబడలేదు. ఆ పద్యం ఆయన్ని పొగిడింది కూడా తెలివితేటలకు కాదు.. గుండె నిబ్బరానికి! ఆ ఆటకు మెచ్చిన రాయలు కొప్పోలు గ్రామాన్ని అగ్రహారంగా ఇచ్చారని చెబుతారు.

అప్పటి ఆటకు ఓపిక కూడా ఎక్కువే కావాలి. ఇప్పుడు బోర్డంతా తిరిగే మంత్రి, పాత భారతీయ చదరంగంలో ఐమూలగా ఒక్క గడి మాత్రమే కదిలేది. గబగబా ఆట ముగించే దారి ఉండేది కాదు.

మరి నిబ్బరం తప్పితే? ప్రపంచస్థాయి ఆటగాడికైనా దెబ్బే. 1892లో క్యూబా రాజధాని హవానాలో వరల్డ్ ఛాంపియన్‌షిప్ జరిగింది. రష్యాకు చెందిన చిగోరిన్, ఛాంపియన్ స్టీనిట్జ్‌తో 23వ గేమ్ ఆడుతున్నాడు. చేతిలో ఒక పావు ఎక్కువ ఉంది. గెలిస్తే స్కోరు 9-9తో సమం. సరిగ్గా అప్పుడే రాజుకు కాపలాగా ఉన్న శకటును పక్కకు తీశాడు. ఇంకేముంది.. రెండు ఎత్తుల్లో ఆటకట్టు. ఆ గేమ్‌తో పాటు టైటిల్ కూడా పోయింది.

బొగ్గు బాయిలో పని మొదలయ్యే ముందు సర్దార్ పైకప్పు తట్టి చూస్తాడు. అది గట్టిగా ఉందని తేలాకే మనుషులు లోపలికి వెళ్తారు. బోర్డు మీద కూడా అంతే. ఈ పావు తీస్తే దాని వెనకాల ఏది ఒంటరిదవుతుంది? అవతలివాడు ఎక్కడ చెక్ చెప్పగలడు? ఈ రెండూ చూసుకున్నాకే వేలు స్క్రీన్ మీద పెట్టాలి.

ఎదురుగా చక్రవర్తి ఉన్నా తిమ్మన చూసింది బోర్డునే. మనకు ఎదురుగా ఉన్నది గడియారం, రేటింగ్ నంబర్ అంతే కదా!