దాదాభాయి నౌరోజీ : కంటికి కానరాని పద్దులు

ఓడరేవున దిగిన సరకును లెక్కించుట సులభము. బేళ్ళను ఎంచవచ్చును, బస్తాలను తూచవచ్చును, సుంకపు కచేరీ గుమాస్తా ప్రతిదానిని తన చిట్టాలో వ్రాసికొనును. కాని ఆ సరకును మోసికొనివచ్చిన ఓడకు చెల్లిన కేవు ఏ త్రాసునకును అందదు. సముద్రప్రమాదమునకు వెరచి కట్టిన బీమా రుసుము ఏ మూటలోను కానరాదు. విదేశీయోద్యోగి స్వదేశమునకు పంపుకొన్న జీతము, విశ్రాంతుడైనవానికి చేరిన పింఛను, అప్పిచ్చినవానికి ముట్టిన వడ్డీ — ఇవి రేవు దాటుట ఎవరి కంటను పడదు. అయినను దేశముల కలిమిలేములను పెక్కుమారులు నిర్ణయించునవి ఇట్టి పద్దులే. భారతదేశపు లెక్కలలో వీనిని వెదకి పట్టి లోకమునకు చూపినవారిలో అగ్రగణ్యుడు దాదాభాయి నౌరోజీ.

ఆయన 1825వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీన ఒక బీద పార్సీ పురోహిత కుటుంబమున జన్మించెను. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. తల్లి మాణిక్‌బాయి చదువెరుగని ఇల్లాలు. అయినను బిడ్డని చదువునకు తన సర్వస్వమును ధారపోసెను. బొంబాయిలో ఉచిత పాఠశాలయందు చదివి, పిమ్మట ఎల్ఫిన్‌స్టన్ విద్యాలయమున ప్రవేశించి, దాదాభాయి గణితమున విశేష ప్రజ్ఞ గడించెను. ముప్పదియేండ్లు నిండకమునుపే అదే విద్యాలయమున గణిత, ప్రకృతి శాస్త్రములకు ఆచార్యుడయ్యెను. ఒక భారతీయునికి అంతటి పీఠము లభించుట అదియే ప్రథమము. ప్రజాధనముతో నడచిన పాఠశాలలో తాను చదివితిననియు, ఆ ఋణమును ప్రజాసేవతో తీర్పవలెననియు ఆయన తలచెను. బాలికల పాఠశాలలు నెలకొల్పుటలోను, 1851లో రాస్త్ గొఫ్తార్ అను గుజరాతీ పత్రికను స్థాపించుటలోను ఈ తలపే ఆయనను నడిపించినది.

1855లో ఆయన ఆచార్యపదవిని విడిచి కామా కుటుంబమువారి వర్తకసంస్థలో భాగస్వామియై ఇంగ్లండునకు పయనమయ్యెను. అప్పటికి బ్రిటనులో భారతీయులు నడుపు వర్తకసంస్థ వేరొకటి లేదు. నల్లమందు, మద్యముల వలన వచ్చు లాభములో పాలుపంచుకొనుటకు మనసొప్పక కొలది యేండ్లకే ఆ భాగస్వామ్యమును వదలుకొని, 1859లో తన పేరనే ప్రత్తి వ్యాపారమును ఆరంభించెను. లండను నగరమునందలి యూనివర్సిటీ కళాశాలలో గుజరాతీ ఆచార్యుడుగను పనిచేసెను. వ్యాపారమున ఆయనకు ధనలాభముకంటె జ్ఞానలాభమే అధికమయ్యెనని చెప్పవచ్చును. ప్రత్తిబేలు బొంబాయి రేవున ఒక ధర పలుకుననియు, లివర్‌పూలు చేరునప్పటికి కేవు, బీమా, వడ్డీ, వర్తకుని లాభము కూడి వేరొక ధర పలుకుననియు ఆయన పుస్తకములలో చదివి తెలిసికొన్నవాడు కాడు. స్వయముగా హుండీలు వ్రాసి, నష్టమును సైతము అనుభవించి తెలిసికొన్నవాడు.

ఈ అనుభవముతో ఆయన ప్రభుత్వము ప్రకటించు వర్తకపు లెక్కలను పరిశీలింప మొదలిడెను. అందొక వింత కానవచ్చెను. ఎగుమతిని స్వదేశపు రేవు ధరకును, దిగుమతిని వచ్చిచేరిన రేవు ధరకును మదింపు వేయుట ఆచారము. ఉదాహరణకు ఒక వర్తకుడు నూరు రూపాయల ప్రత్తిని పంపెననుకొందము. దానిని విదేశమున నూట పదునైదింటికి అమ్మి, ఆ సొమ్ముతో అక్కడి సరకును కొని తెచ్చినచో, దేశపు లెక్కలో ఎగుమతి నూరుగను, దిగుమతి నూట పదునైదుగను కనబడవలెను. అనగా స్వేచ్ఛగా వ్యాపారము చేయు దేశమున దిగుమతుల విలువ కొంత హెచ్చుగా నుండుట సహజము. ఇంగ్లండు లెక్కలు అట్లే యుండెను. భారతదేశపు లెక్కలు మాత్రము ఏటేట తలక్రిందుగా నుండెను. బంగారము, వెండి కలిపి చూచినను, పోయినదానికంటె వచ్చినది తక్కువ. ప్రభుత్వపక్షమువారు ఎగుమతుల మిగులును దేశసమృద్ధికి చిహ్నముగా వర్ణించుచుండిరి. దాదాభాయి దానినే వేరొక ప్రశ్నగా మార్చెను: ఈ మిగిలిన సరకు దేనికి ప్రతిగా పోవుచున్నది?

దానికి ఉత్తరము సుంకపు కచేరీలో దొరకదు. లండనులోని ఇండియా కార్యాలయపు జమాఖర్చులలో దొరకును. ప్రభుత్వఋణములపై వడ్డీ, రైలుకంపెనీలకు పూచీపడిన వడ్డీ, సైనికవ్యయము, కొనుగోలుచేసిన సామగ్రి, సెలవుపై నున్న ఉద్యోగుల జీతములు, విశ్రాంతుల పింఛనులు, ఇండియా కార్యాలయపు ఖర్చులు — ఇవన్నియు భారతదేశపు పన్నులనుండి ఇంగ్లండులో చెల్లింపబడుచుండెను. ఈ చెల్లింపు జరుగు తీరు మరియు చిత్రమైనది. భారతదేశ వ్యవహారముల మంత్రి లండనులో వర్తకులకు హుండీలను విక్రయించును. వర్తకుడు అక్కడ పౌనులు చెల్లించి, ఆ హుండీని కలకత్తా, మద్రాసు, బొంబాయి ఖజానాలకు పంపి, పన్నులుగా వసూలైన రూపాయలను పొందును. ఆ రూపాయలతో ప్రత్తినో, గోధుమలనో, నూనెగింజలనో కొని ఓడ నెక్కించును. రైతునకు ధర ముట్టినది, ఎగుమతి లెక్కకెక్కినది, కాని ఆ రైతు చెల్లించిన పన్నే ఆ ధరయై తిరిగివచ్చినది. దేశమునకు బదులుగా చేరిన సరకు శూన్యము.

1867లో లండను నగరమున ఈస్టిండియా సంఘమునందు చదివిన ఉపన్యాసముతో ఆయన ఈ వాదమును ప్రారంభించెను. 1876లో భారతదేశ దారిద్ర్యమును గూర్చి ఆ సంఘపు బొంబాయి శాఖయందు చదివిన దీర్ఘవ్యాసమున దానిని సంఖ్యలతో సమగ్రము గావించెను. 1835 మొదలు 1872 వరకు గల వర్తకపు లెక్కలను ఐదేసి సంవత్సరముల చొప్పున విడదీసి సగటులు కట్టెను. 1835-39 నడుమ ఏటికి సుమారు 53 లక్షల పౌనులుగా నున్న మిగులు, 1870-72 నాటికి ఏటికి సుమారు 2 కోట్ల 74 లక్షల పౌనులకు పెరిగినది. అదే వ్యాసమున వేరొక గణనమును చేసెను. రాష్ట్రమువారీగా సాగైన భూమి, ఎకరమునకు దిగుబడి, ధర అను మూడింటిని కూర్చి, 1867-70 ప్రాంతమున బ్రిటిషు ఇండియా ఉత్పత్తి 34 కోట్ల పౌనులకు మించదని తేల్చెను. దానిని 17 కోట్ల జనులకు పంచగా తలకు ఏటికి 20 రూపాయలు. ఆ సంఖ్యను కారాగారములలో ఖైదీల తిండికి, బట్టకు అగుచున్న ఖర్చుతో పోల్చి చూపెను. నేరము చేసినవానికి ప్రభుత్వము పెట్టు కూడైనను, నేరము చేయని కూలివానికి దక్కుట దుర్లభమని ఆ పోలిక తెలిపినది.

ఆ 1876వ సంవత్సరముననే వానలు తప్పి, దక్షిణాపథమున ఘోరక్షామము దాపురించెను. 1878 వరకు సాగిన ఆ కాటకమున కర్నూలు, బళ్ళారి, కడప మండలములు దారుణముగా నష్టపడినవి. లక్షల ప్రాణములు పోయినవి. దాదాభాయి కట్టిన సగటుల వెనుక నున్న మనుష్యు లెవరో తెలుగునాటివారికి వేరుగా చెప్పవలసిన పని లేకపోయెను. తలకు 20 రూపాయల రాబడిలో నుండి ఒక్క రూపాయి పోయినను, అది ధనికుని జేబునుండి పోయిన రూపాయి వంటిది కాదు.

ఆయన వాదమునకు ఆక్షేపణలు లేకపోలేదు. ఎగుమతుల మిగులంతయు ఊరక పోయినది కాదనియు, అది ఓడల సేవకు, మూలధనమునకు, పరిపాలనకు చెల్లిన వెలయనియు ప్రతిపక్షులు చెప్పిరి. దాదాభాయి ఈ మాటను పూర్తిగా త్రోసిపుచ్చలేదు. రైళ్ళకై అప్పు తెచ్చిన దేశము వడ్డీ చెల్లించుట న్యాయమే యని అంగీకరించెను. అమెరికాయు అట్లే అప్పు తెచ్చినదనియు, కాని ఆ రైళ్ళపై ఉద్యోగములు, జీతములు, అనుభవము అమెరికనులకే దక్కినవనియు ఆయన ప్రత్యుత్తరము. ఇష్టపడి కొన్న సేవ వేరు, కోరకయే నెత్తిన పడిన సేవ వేరు. జీతముతోపాటు విదేశీయోద్యోగి ముప్పదియేండ్లు గడించిన పాలనానుభవమును గూడ మూటగట్టుకొని పోవుచున్నాడనియు, ఈ నష్టమునకు ఏ లెక్కలోను కాలము లేదనియు ఆయన వాపోయెను.

1880లో ఇండియా కార్యాలయపు అధికారి డాన్వర్సుతో పంజాబు ఉత్పత్తిని గూర్చి జరిగిన వాదము ఈ విషయమున మిక్కిలి విలువైనది. రైళ్ళ వలన ధాన్యమునకు ధర పెరిగి సంపద పెరిగినదని డాన్వర్సు వాదించెను. గోధుమలను ఒకచోటినుండి వేరొకచోటికి మోసినంతమాత్రమున ఒక్క గింజయైనను పెరుగదనియు, మోయుటయే సంపదయైనచో బండ్లను త్రిప్పుచు కూర్చున్న చాలుననియు దాదాభాయి ఎగతాళి చేసెను. ఇచ్చట నేటి అర్థశాస్త్రము డాన్వర్సు పక్షముననే కొంత నిలుచును. సరకును అవసరమైనచోటికి చేర్చుటయు, చదువు చెప్పుటయు, వైద్యము చేయుటయు ఉత్పత్తియే యని ఇప్పటి జాతీయాదాయ గణనము అంగీకరించును. దాదాభాయి భౌతికవస్తువులను మాత్రమే ఎంచెను. ఎగుమతుల మిగులునుండి ఆయన రాబట్టిన మొత్తమున కేవు, వడ్డీ, పింఛను, లాభము కలగాపులగముగా నుండుటయు నిజమే. తీసివేతచే వచ్చిన సంఖ్యలో మదింపులందలి ప్రతి తప్పును వచ్చి చేరును. ఆ మొత్తములో న్యాయమైన వెల యెంత, దోపిడి యెంత అను వివాదము చరిత్రకారులలో తరువాతను కొనసాగినది. అయినను ఆ వివాదము సాధ్యమగుటకే ముందు పద్దు బయటపడవలెను. దానిని బయటపెట్టినవాడు ఆయన.

సంఖ్యలను ప్రకటించి ఊరకుండుట ఆయన స్వభావము కాదు. 1873లో భారత ఆర్థికవ్యవహారములపై నియమింపబడిన పార్లమెంటు సంఘము ఎదుట సాక్ష్యమిచ్చెను. కొంతకాలము బరోడా సంస్థానమునకు దివానుగ నుండెను. 1886, 1893, 1906 సంవత్సరములలో మూడుమారులు కాంగ్రెసునకు అధ్యక్షుడయ్యెను. 1892లో సెంట్రల్ ఫిన్స్‌బరీ నియోజకవర్గమునుండి పట్టుమని పది ఓట్లైనను లేని ఆధిక్యముతో నెగ్గి, బ్రిటిషు పార్లమెంటునందు సభ్యుడయ్యెను. 1895లో ఆ స్థానము పోయినను, అదే యేట ఏర్పడిన వెల్బీ కమిషనులో సభ్యత్వము లభించెను. భారతదేశపు వ్యయమును పరిశీలించుటకు నియమింపబడిన ఆ కమిషనులో ఆయన సభ్యుడుగా కూర్చుండుటయే గాక, సాక్షిగను నిలిచి తన లెక్కలను వినిపించెను. 1900లో వెలువడిన నివేదికలో అధికసంఖ్యాకులతో ఏకీభవింపక, వెడర్‌బర్న్, కేయిన్ అను ఇరువురితో కలిసి భిన్నాభిప్రాయపత్రమున సంతకము చేసెను. 1901లో తన వ్యాసములను, ఉత్తరప్రత్యుత్తరములను ఒక పెద్ద గ్రంథముగా ప్రకటించెను. 1906 నాటి కలకత్తా సభలో స్వరాజ్యమే లక్ష్యమని ఎనుబది యొకటవ యేట ఉద్ఘాటించెను. నలుబది యేండ్ల గణనమునకు అది తుదిమొత్తము. 1917 జూను 30వ తేదీన బొంబాయిలో కన్నుమూసెను.

ఆయన వెదకిన పద్దులకు నేడు ప్రత్యేకమైన కాలములు ఏర్పడినవి. అంతర్జాతీయ ద్రవ్యనిధి 1948లో విదేశీచెల్లింపుల లెక్కలకు మొదటి కరదీపికను ప్రకటించెను. సేవల వర్తకమునకు వేరుగ ఒక కరదీపికను ఐక్యరాజ్యసమితి మున్నగు సంస్థలు కలిసి 2002లో వెలువరించినవి. సరకుల లెక్క సుంకశాఖనుండి వచ్చును. దిగుమతి విలువలో కలిసియున్న కేవును, బీమాను విడదీసి సేవలలో చేర్చెదరు. మన దేశమున సేవల లెక్కను రిజర్వు బ్యాంకు కూర్చును: విదేశీద్రవ్యము చేతులు మారిన ప్రతిసారి అది దేనికొరకో తెలుపు సంకేతసంఖ్యను బ్యాంకులు నివేదించును, సాఫ్ట్‌వేర్ సంస్థలను ప్రశ్నావళి ద్వారా ప్రత్యేకముగ విచారింతురు. వడ్డీ, లాభములు సేవలతో కలియక ఆదాయము అను వేరు శీర్షికన చేరును. 1995లో అమలునకు వచ్చిన అంతర్జాతీయ ఒప్పందము సేవ సరిహద్దు దాటు మార్గములను నాలుగుగా విభజించినది: సేవయే దాటుట, దానిని పొందువాడు దాటుట, సంస్థ విదేశమున శాఖ తెరచుట, పనిచేయువాడు తాత్కాలికముగ తరలుట. హైదరాబాదున కూర్చుండి వ్రాసిన కార్యక్రమము తీగవెంట అమెరికా చేరుట మొదటి మార్గము. దానిని ఏ సుంకపు గుమాస్తాయు చూడడు.

దాదాభాయి కాలమున సంకేతసంఖ్యలు లేవు, ప్రశ్నావళులు లేవు; ప్రభుత్వము అచ్చువేసిన నీలిపుస్తకములు మాత్రము ఉండెను. వానిలో లేనిదానిని ఆయన కల్పింపలేదు. రెండు కాలముల నడుమ కనబడిన తేడాను తప్పనియో, సమృద్ధియనియో దాటిపోక, అది ఎవరి యింటికి చేరినదో, దానికి ప్రతిగా ఎవరికేమి లభించినదో విచారించెను. జమాఖర్చులు వ్రాయువారికి ఆయన విడిచిపోయిన విద్య అదియే.