రక్తములో కొలత: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితము

అమలాపురములోగాని, రాజోలులోగాని, కొత్తపేటలోగాని రక్తపరీక్ష చేయించుకొన్నవారు ఇంటికి తెచ్చుకొను చీటిలో క్రియాటినిన్ అను మాట యొకటి కనబడును. దాని యెదుట 1.0 అనియో, 2.4 అనియో ఒక అంకె యుండును. ఆ అంకె మూత్రపిండముల స్థితిని తెలుపునని వైద్యులు చెప్పుదురు. ఈ క్రియాటినిన్ ఎక్కడ పుట్టుచున్నది? దానికి మూలమైన పదార్థము మన శరీరములో చేయు పని యేమి? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకువారు పరదేశములకు పోకముందు వసిష్ఠ పాయను దాటవలెను. దిండి వద్ద వంతెన దాటి, చించినాడ మీదుగా పాలకొల్లు చేరి, అక్కడినుండి భీమవరము పోవలెను. ఆ భీమవరములో 1895 జనవరి 12వ తేదీన యల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించిరి.

తండ్రి జగన్నాథముగారు రెవిన్యూ శాఖలో ఉద్యోగము చేసి, అనారోగ్యముచే గడువునకు ముందే విరమించిరి. ఏడుగురు సంతానముగల ఆ యింట కలిమి లేదు. బాలుడైన సుబ్బారావు ధనము సంపాదింపవలెనను తలంపుతో, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకొందునని ఇల్లు విడిచి బయలుదేరెను. తల్లి వెంకమ్మగారు వెదకించి వెనుకకు రప్పించి, చదువు మానరాదని కట్టడి చేసిరి. ఆ చదువైనను సులభముగా సాగలేదు. రాజమహేంద్రవరములో చదివి, పరీక్ష తప్పి, చివరకు మూడవ ప్రయత్నములో మదరాసు హిందూ హైస్కూలునుండి మెట్రిక్యులేషన్‌లో ఉత్తీర్ణులైరి. పరీక్ష తప్పిన విద్యార్థిని చూచి నిరాశపడు ఉపాధ్యాయులు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనదగును.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువు ముగిసిన పిమ్మట రామకృష్ణ మఠమున చేరి సన్యసింపవలెనని వారు కోరిరి. తల్లి అంగీకరింపలేదు. సేవచేయ దలచువారికి వైద్యము తగిన మార్గమని పెద్దలు సూచింపగా, మదరాసు వైద్యకళాశాలలో చేరిరి. 1919లో శేషగిరిగారితో వివాహమయ్యెను. అవి గాంధీమహాత్ముని పిలుపున విదేశవస్త్రములను బహిష్కరించిన దినములు. సుబ్బారావుగారు శస్త్రచికిత్స తరగతికి సైతము ఖద్దరు అంగీ ధరించి పోయిరి. ఆంగ్లేయుడైన ఆచార్యునకు అది రుచింపలేదు. తక్కిన విషయములలో బాగుగా వ్రాసినను, పూర్తి పట్టమైన ఎం.బి.బి.ఎస్. వారికి దక్కలేదు, దానికన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రముతో సరిపెట్టుకొనవలసివచ్చెను.

ఆ కాలముననే ఆ యింట పిడుగు పడెను. స్ప్రూ అను గ్రహణివ్యాధితో సోదరులిద్దరు కొలది దినముల తేడాలో మరణించిరి. తిన్న ఆహారము వంటబట్టక, రక్తము క్షీణించి, మనిషి కరగిపోవు వ్యాధి యది. సుబ్బారావుగారికి కూడ ఆ వ్యాధి సోకగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బ్రతికి బయటపడిరి. తరువాత లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణశాస్త్రము బోధించిరి. కారణము తెలియనిదే రోగమును జయింపలేమను సంగతి వారికి గ్రంథములలో గాక, స్వగృహమందే తెలిసెను. ఇక మీది జీవితమంతయు ఆ కారణముల వెదకులాటయే.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అభయమును, మామగారి సహాయమును ఆధారముగా గొని, వారు అమెరికాకు ప్రయాణమై బోస్టను నగరము చేరిరి. హార్వర్డు విశ్వవిద్యాలయములో ఉష్ణమండల వైద్యమున డిప్లొమా పొందిరి. కాని మన దేశపు యోగ్యతాపత్రముతో అక్కడ వైద్యవృత్తి చేయుటకు వీలులేకపోయెను. పొట్టకూటికై పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుడుగా కుదిరి, రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరచిరి. పగలు చదువు, రాత్రి ఈ చాకిరి. ఈ ఆసుపత్రి పేరు పాఠకులు గుర్తుంచుకొందురుగాక; ముందు మరల వచ్చును.

తరువాత వారు హార్వర్డు వైద్యకళాశాల జీవరసాయన విభాగమున చేరిరి. దానికి అధిపతి ఆటో ఫోలిన్. రక్తమూత్రములలోని పదార్థములను రంగుల సాయముతో కొలుచు విద్యలో ఫోలిన్ మేటి. మూత్రములోని క్రియాటినిన్‌ను పిక్రిక్ ఆమ్లముతో కలిపి, పుట్టిన నారింజరంగు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని 1904లో నెలకొల్పినవారు ఆయనయే. ఆ విభాగములో సైరస్ ఫిస్క్ అను శాస్త్రజ్ఞునితో కలసి సుబ్బారావుగారు భాస్వరమును కొలుచు పని చేపట్టిరి. భాస్వర లవణము మాలిబ్డేటుతో కలిసి, తగిన రసాయనము చేర్చినప్పుడు నీలిరంగు పొందును. భాస్వరమెంత యెక్కువయో నీలి యంత చిక్కన. 1925లో ప్రకటితమైన ఈ ఫిస్క్–సుబ్బారావు పద్ధతి దశాబ్దములపాటు ప్రపంచమందలి ప్రయోగశాలలలో వాడబడెను.

ఆ నీలిరంగే వారిని మరియొక నిజమునకు దారితీసెను. కండరములనుండి తీసిన రసమును పరీక్షించునప్పుడు రంగు వెంటనే తేలక, మెల్లమెల్లగా చిక్కబడుచుండెను. మరొకరైనచో పరికరములో దోషమని వదలివేసెడివారు. వీరు అట్లు చేయలేదు. భాస్వరము ఏదో యొక పదార్థముతో కూడియుండి, మెల్లగా విడివడుచున్నదని గ్రహించి, ఆ పదార్థమును పట్టుకొనిరి. అదియే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఈ సంగతి లోకమునకు తెలిసెను. కండరము పనిచేయునప్పుడు ఇది తరగును, విశ్రాంతిలో మరల పెరుగును. అనగా ఇది శక్తిని దాచిపెట్టుకొను గాదె వంటిది. 1929లో జీవకణములన్నిటికిని శక్తినిచ్చు ఏ.టి.పి. అను పదార్థమును కూడ వీరిరువురు కనుగొనిరి. అదే యేట జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును దానిని విడిగా కనుగొనెను.

మన రక్తపరీక్ష చీటికిని ఈ పరిశోధనకును గల బంధుత్వము ఇక్కడనే యున్నది. కండరములలోని క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్‌లలో ప్రతిదినమును నూటికి ఇంచుమించు రెండు వంతులు తమంతట తాము క్రియాటినిన్‌గా మారును. అది శరీరమునకు పనికిరాని వ్యర్థము. దానిని బయటికి పంపువి మూత్రపిండములు. పిడికిలి ప్రమాణముగల ఒక్కొక్క మూత్రపిండములో సుమారు 10 లక్షల సూక్ష్మమైన జల్లెడలు కలవు. రెండును కలసి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడగట్టి, పనికివచ్చు దానిని రక్తమునకు తిరిగి యిచ్చి, లీటరున్నర మాత్రము మూత్రముగా విడుచును. జల్లెడలు చెడినప్పుడు క్రియాటినిన్ రక్తములో నిలిచిపోవును. పెద్దలలో ఇది సాధారణముగా డెసిలీటరునకు 0.6 నుండి 1.2 మిల్లీగ్రాముల వరకుండును.

ఇందొక చిక్కు కలదు. మూత్రపిండముల శక్తి సగము వరకు పోయినను ఈ అంకె పెద్దగా పెరుగకపోవచ్చును. కండబలము తక్కువగానుండు వృద్ధులలో, క్రియాటినిన్ పుట్టుటయే తక్కువ గనుక, రోగమున్నను అంకె మంచిదిగనే కనబడవచ్చును. అందుచే వైద్యులు వయస్సును, స్త్రీపురుష భేదమును లెక్కలోనికి తీసికొని వడపోత వేగమును గణింతురు. అది మూడు నెలలకు పైగా 60కి తక్కువగా నున్నచో దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధి యందురు. 15కు తక్కువైనచో మూత్రపిండములు విఫలమైనట్లు ఎంతురు. మూత్రములో ఆల్బుమిన్ అను మాంసకృత్తు పోవుచున్నదేమో చూచుటయు అంతే ముఖ్యము. అది క్రియాటినిన్‌కన్న ముందే జాడ చూపవచ్చును.

ఈ వ్యాధి తొలిదశలలో నొప్పి లేదు, జ్వరము లేదు. కాళ్లు పొంగి, ఆయాసము వచ్చి, అన్నము సహింపని స్థితి కలుగునాటికి చాల భాగము పోయియుండును. కనుక మధుమేహము, రక్తపుపోటు గలవారు బాధ లేదని ఊరకుండరాదు. ఈ రెండే ఈ వ్యాధికి ముఖ్యకారణములు. ఏడాదికొకసారియైన రక్తమును, మూత్రమును పరీక్ష చేయించుకొనవలెను. వైద్యుని అడుగక ఒళ్లునొప్పుల మాత్రలను ఏండ్లతరబడి మ్రింగుటయు మూత్రపిండములకు కీడు. తొలిదశలో పట్టినచో రక్తపుపోటును, చక్కెరను అదుపులో నుంచి, తగిన మందులతో వ్యాధి వేగమును తగ్గింపవచ్చును.

సుబ్బారావుగారు కొలువ నేర్పిన భాస్వరమునకు కూడ ఈ వ్యాధిలో స్థానము కలదు. మూత్రపిండములు క్షీణించినచో అది రక్తములో పేరుకొని, దురద పుట్టించి, ఎముకలను బలహీనపరచి, రక్తనాళములను గట్టిపరచును. అట్టివారికి వైద్యులు ఆహారములో భాస్వరమును తగ్గించి, భోజనముతోపాటు దానిని బంధించు మాత్రల నిత్తురు. మన కోనసీమవారు ప్రత్యేకముగా తెలిసికొనవలసినది మరియొకటి. అతిథి వచ్చిన వెంటనే కొబ్బరిబొండము కొట్టి యిచ్చుట, అరటిగెల ముందుంచుట మన మర్యాద. ఆరోగ్యవంతునకు అవి అమృతము. కాని ఆ రెండింటను పొటాసియమ్ అధికము. వ్యాధి ముదిరినవారిలో అది బయటికి పోక పెరిగి, గుండెను హఠాత్తుగా ఆపివేయగలదు. ఊరగాయలోని ఉప్పు రక్తపుపోటును, వాపును పెంచును. వీరికి ఎంత నీరు, ఎంత పప్పు, ఏ పండు అనునది రక్తపరీక్షనుబట్టి వైద్యుడు నిర్ణయింపవలసినదేగాని, ఇరుగుపొరుగువారు చెప్పవలసినది కాదు.

మరల కథలోనికి పోవుదము. ఇన్ని కనుగొన్నను, 1930లో డాక్టరేటు పొందినను, హార్వర్డులో వారికి స్థిరమైన ఆచార్యపదవి దొరకలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రములోని లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, కొలదికాలములోనే పరిశోధనలకు అధిపతులైరి. అక్కడ వారి బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధిలో రక్తమును తిరిగి నిలబెట్టు మందు ఇదియే యని తేలెను. తమ యింటి దుఃఖమునకు పాతికేండ్ల తరువాత దొరకిన సమాధానమది. డయాలిసిస్ నీటిలో శరీరములోని ఫోలిక్ ఆమ్లము కొంత కొట్టుకొనిపోవును గనుక, నేడు వైద్యులు అట్టి రోగులకు అవసరమునుబట్టి ఈ మందు నిచ్చుచున్నారు.

ఫోలిక్ ఆమ్లమునకు విరుద్ధముగా పనిచేయు మందులను కూడ ఆ బృందమే సృష్టించెను. వానితో పిల్లల రక్తపు క్యాన్సరు తాత్కాలికముగా నైనను తగ్గునని బోస్టనులో సిడ్నీ ఫార్బరు 1948లో చూపెను. ఆ కోవలోని మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది. ఐతే అది మూత్రపిండముల ద్వారానే వెలికి పోవును గనుక, అవి చెడినవారికి ప్రమాదకరము. బోదకాలు వ్యాధిని కలిగించు ఫైలేరియా క్రిములను చంపు డైఇథైల్‌కార్బమజీన్ సైతము లెడర్లీ ప్రయోగశాలల ఫలమే. గోదావరి డెల్టాలో రాత్రివేళ ఇంటింటికి వచ్చి వేలిచివర రక్తపుచుక్క తీసికొనిపోయిన ఆరోగ్యసిబ్బందిని పెద్దలు ఎరుగుదురు. పాజిటివ్ వచ్చినవారికి ఇచ్చినది ఈ మందే.

ఇప్పుడు బ్రిగమ్ ఆసుపత్రికి వత్తము. రెండవ ప్రపంచయుద్ధకాలమున హాలెండులో విలెమ్ కోల్ఫ్ అను వైద్యుడు రక్తమును శరీరము వెలుపల శుద్ధిచేయు కృత్రిమ మూత్రపిండమును నిర్మించెను. దానిని మెరుగుపరచి 1940ల చివర బ్రిగమ్‌లో వాడసాగిరి. నేడు సాధారణముగా వారమునకు మూడు పర్యాయములు, ఒక్కొక్కసారి నాలుగు గంటలు చేయు డయాలిసిస్ దాని సంతతియే. 1954 డిసెంబరు 23వ తేదీన అదే ఆసుపత్రిలో జోసెఫ్ మర్రే, కవలసోదరులలో ఒకరి మూత్రపిండమును రెండవవానికి అమర్చి ప్రపంచములో ప్రప్రథమముగా కృతకృత్యుడయ్యెను. కవలలు గనుక శరీరము దానిని తిరస్కరింపలేదు. ఇతరులకైనచో తిరస్కారమును అణచు మందులను ఎడతెగక వాడవలెను. ఏ వార్డులలో భీమవరపు యువకుడొకడు రాత్రులు మూత్రపాత్రలు కడిగెనో, ఆ ఆసుపత్రియే మూత్రపిండ చికిత్సకు పుట్టినిల్లయ్యెను.

సుబ్బారావుగారు దానిని చూడలేదు. 1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగి పరమపదించిరి. అప్పటికి వారి వయస్సు 53 ఏండ్లు. అమెరికా పోయినది మొదలు స్వదేశమునకు తిరిగి రాలేదు. భర్త రాకకై శేషగిరిగారు చేసిన నిరీక్షణ ఫలింపలేదు. ఆయన ఘనతకు లోకము చెల్లించిన మూల్యమును లెక్కించునప్పుడు ఆ సాధ్విని మరువరాదు. 1995లో శతజయంతికి భారత తపాలాశాఖ ఆయన చిత్రముతో బిళ్ల వెలువరించెను.

మన పాఠశాలలలో విసర్జనవ్యవస్థ పాఠము ఏటేట చెప్పబడుచునే యున్నది. ఉపాధ్యాయులు ఆనాడు ఒక రక్తపరీక్ష చీటిని తరగతికి తెచ్చి, క్రియాటినిన్ అను మాటను చూపి, అది ఎచ్చట పుట్టునో, ఎందుకు పెరుగునో చెప్పుదురుగాక. ఆ విద్యార్థి ఇంటికి పోయి, చక్కెరవ్యాధిగల తాతగారిని, పరీక్ష చేయించుకొని ఎన్నాళ్లయినదని అడిగినచో, ఒక మూత్రపిండము కొన్నేండ్లు అధికముగా పనిచేయవచ్చును.