ఫ్రాంక్లిను కొనిన యీల

బెంజమిను ఫ్రాంక్లిను 1706వ సంవత్సరమున అమెరికాలోని బోస్టను పట్టణమున, కొవ్వొత్తులును సబ్బును చేసి జీవించు గృహస్థునికి జన్మించెను. ఏడేండ్లప్పు డొక పండుగనాఁడు బంధువు లిచ్చిన రాగినాణెములతో జేబు నిండెను. దారిలో నొక బాలుఁ డూదుచున్న యీలకు మురిసి, ఉన్నదంతయు నిచ్చి దానిని కొనెను. నాలుగింతల వెల యిచ్చినాఁడని అన్నలును అక్కలును నవ్వఁగా, పాప మా పసివాఁడు ఏడ్చెను. 1779లో, డెబ్బదిమూఁడేండ్ల వృద్ధుఁడై ఫ్రాన్సులో నున్నపుడును ఆ యీలను మఱవక స్నేహితురాలికి వ్రాసెను.

పండ్రెండవయేట అన్న జేమ్సు ముద్రాక్షరశాలలోఁ బనికిఁ గుదిరెను. పదునాఱేండ్ల ప్రాయమున మాంసము మాని, తన భోజనమునకై అన్న వెచ్చించు సొమ్ములో సగమే తన చేతి కిమ్మని యడిగి, అందును సగము మిగిల్చి పుస్తకములు కొనెను. మన విద్యార్థులలో ఫలాహారపుఁ గానులను పుస్తకములకై దాఁచువా రెందఱో!

అతనిని లోభి యనుకొనరాదు. 1790లో మరణించుచు బోస్టను, ఫిలడెల్ఫియా పట్టణములకుఁ జెఱి వేయి పౌనులు విడిచెను. పని నేర్చి పెండ్లియైన, ఇరువదియైదేండ్లలోపు యువకులకు దానిని నూటికి అయిదు వడ్డీకి అప్పిచ్చి, ఏఁటేఁట అసలులోఁ బదియవవంతు చొప్పున రాఁబట్టవలెనని మరణశాసనము. కొందఱు తీర్పకపోయిరి. అయినను ఆ సొమ్ము పెరిగి, 1990 నాఁటికి బోస్టను వంతే నలువది లక్షల డాలర్లకు మించెను.